సీసం బరువు

“ఆవిడకి ఎన్ని కట్టావురా?” చుక్కాని వదలకుండానే, గొంతు తగ్గించి అడిగాడు కెప్టెన్ లిబోరియో.

“ఎనిమిది దిమ్మలు. పదహారు కిలోలు,” అన్నాడు డైవింగ్ గైడు ఎలాదియో. “ఆ ఒళ్ళు నీళ్ళలోకి దిగాలంటే ఆమాత్రం సీసం ఉండాలి మరి.”

“మార్చిలో పోయినాయన కూడా ఇలాగే ఉండేవాడు. నాకెందుకో మనసు కీడు శంకిస్తోంది.”

“ఆయన పోయింది గుండె ఆగి, కెప్టెన్. అంత లావు పెట్టుకుని సముద్రంలోకి దిగితే ఇంకేమవుతుంది?”

ఏడు నెలలుగా పోలీసులకీ, డైవింగ్ దుకాణం యజమానికీ, ఆఖరికి తన తల్లికీ అతను చెబుతూ వచ్చిన మాట అది. ఇప్పుడు తడుముకోకుండానే వచ్చేస్తోంది.

పడవ ముందు భాగంలో గ్రిసెల్డా తాపీగా కూర్చుని బలేయాదా రొట్టె తింటోంది. యాభై దాటిన మనిషి. పొద్దున దుకాణంలో అడక్కుండానే కాటా ఎక్కి, నూట పద్దెనిమిది కిలోలని ఫారంలో తనే రాసింది. ఇసుక మేటల దగ్గర లోతు తక్కువ, అక్కడికి వెళ్దామని ఎలాదియో ఎంత చెప్పినా వినలేదు. సముద్రం అడుగుకి నిట్టనిలువుగా దిగిపోయే నల్లగోడ దగ్గరే దిగాలంది. మార్చి తర్వాత అతను ఆ గోడ వైపు రానేలేదు. ఈ వేళ రాక తప్పలేదు.

ఎదురు బల్ల మీద శాన్ పెద్రో నగరం నుంచి వచ్చిన ఫాబ్రిసియో కండలు చూసుకుంటున్నాడు. వ్యాయామశాలలో శిక్షకుడతను.

“దోన్యా గ్రిసెల్డా, మీరు దూకితే రోవతాన్ దీవి మునిగిపోదు కదా?”

“మునిగితే నిన్ను పట్టుకుని తేలతాలే నాయనా. నీ కండల నిండా గాలే కదా!”

కెప్టెన్ పకపకా నవ్వాడు. ఎలాదియోకి నవ్వు రాలేదు. ఉత్తరాన మబ్బు కమ్ముకొస్తోంది. గోడ దగ్గర నీళ్ళు సిరా రంగులో ఉన్నాయి.

ముగ్గురూ దూకారు. ఎలాదియో బొటనవేలు కిందికి చూపించాడు, దిగుదామని.

“ఆగండి,” అంది గ్రిసెల్డా. “ముందు ఇక్కడే ఒకసారి చూసుకుంటాను.”

“అక్కర్లేదు మేడమ్, నేను లెక్క చూసే కట్టాను.”

ఆవిడ వినిపించుకోలేదు. తేలడానికి వేసుకున్న జాకెట్లోంచి గాలి వదిలేసింది. మరుక్షణం బావిలో పడ్డ రాయిలా కిందికి జారిపోయింది. ఎలాదియో గబుక్కున తల ముంచి, చేయి చాచి, భుజంపట్టీ దొరకబుచ్చుకుని పైకి లాగాడు.

ఆవిడ కంగారేమీ పడలేదు. నడుముపట్టీ నుంచి ఒక దిమ్మ తీసి అతని చేతిలో పెట్టింది. తర్వాత ఇంకోటి. అలా నాలుగు. అప్పుడు కళ్ళ దాకా నీళ్ళలో మునిగి, కదలకుండా తేలింది.

“ఎనిమిది కిలోలు చాలు నాకు,” అంది పైకొచ్చి. “చూపుతోనే తూచేస్తారా మీరు?”

“అలవాటు మేడమ్. చూస్తే తెలిసిపోతుంది.”

“ఇంకెవరికైనా ఎప్పుడైనా ఇలా ఎక్కువైందా?”

“లేదు,” అన్నాడు. ఆ మాట మరీ తొందరగా వచ్చిందని అతనికే అనిపించింది. ఎక్కువైన దిమ్మలు పడవలో పడేశాడు.

ఇరవై నాలుగు మీటర్ల లోతులో గోడ వెంట సాగారు. కింద అడుగు కనిపించదు, నలుపే. ఎలాదియో ఆవిడ మీంచి చూపు తిప్పలేదు. మార్చిలో ఆ రోజు తిప్పాడు. మచ్చల టేకు చేప రెక్కలాడిస్తూ పోతుంటే కెమెరా పట్టుకుని దాని వెంట పడ్డాడు. వెనక్కి తిరిగి చూసేసరికి ఎంతసేపయింది? రెండు నిమిషాలా, నాలుగా? పక్కన మనిషి లేడు. పాతాళంలోంచి బుడగలు మాత్రం వస్తున్నాయి. యాభై మీటర్ల లోతులో ఒక గట్టు మీద దొరికాడు, సీసం పట్టీతో సహా. పైకి తెచ్చేముందు ఎలాదియో ఆ పట్టీ విప్పి చీకట్లోకి జారవిడిచాడు. ప్రాణం కాపాడే ప్రయత్నంలో ఎవరైనా చేసే పనే అది. అందుకే పట్టీ ఏదని ఎవరూ అడగలేదు.

మోచేతి మీద ఎవరో తట్టారు. ఉలిక్కిపడ్డాడు. గ్రిసెల్డా! ఫాబ్రిసియో వైపు చూపిస్తోంది. గట్టిగా రొప్పుతున్న అతని గాలి మీటరు ముల్లు అప్పుడే ఎర్రగీత దగ్గరుంది. ఆవిడ సిలిండర్లో సగం అలాగే ఉంది. ముగ్గురూ మెల్లగా పైకి వచ్చారు.

పడవెక్కాక ఎలాదియోకి ఏడు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. ఏమీ కాలేదు. ఈసారి ఏమీ కాలేదు.

“మేడమ్, మీరు మనిషి కాదు, చేప!” అన్నాడు ఉత్సాహం పట్టలేక.

ఆవిడ సంచిలోంచి డైవింగ్ పుస్తకం తీసింది. “అయితే మీ చేత్తోనే రాసిపెట్టండి, వివరంగా.”

సంతోషంగా రాశాడు. చోటు, తేదీ, లోతు. శరీరం బరువు నూట పద్దెనిమిది. మిగిలిన గాలి సగం.

“సీసం సంగతి?”

“ఎనిమిది కిలోలు...”

“ముందు మీరెంత కట్టారో, అది కూడా.”

‘చూపు అంచనాతో పదహారు కట్టాను, పరీక్షిస్తే ఎనిమిదే సరిపోయాయి’ అని రాశాడు.

“ఆరోగ్యం?”

‘ఆయాసం గాని, ఇబ్బంది గాని ఏమీ లేదు’ అని రాసి, లైసెన్సు నంబరు వేసి సంతకం చేశాడు.

గ్రిసెల్డా ఆ పేజీ రెండుసార్లు చదివింది. సిరా ఆరేదాకా ఆగి, పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టింది.  

“ఇంత వివరంగా ఎవరికి చూపించాలి మేడమ్?” నవ్వుతూనే అడిగాడు ఎలాదియో.

ఆవిడ తలెత్తి, అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

“మార్చిలో నువ్వు సీసం కట్టింది మా తమ్ముడికి.”