మావయ్యకివ్వాల్సిన జుట్టు

పెళ్లైన కొత్తలో పొద్దున్నే బావకి గుండు గీయడం నాకెంత సరదానో! షవర్ కింద పీట మీద కూర్చునేవాడు. నురుగు రాసి, గడ్డం నుంచి నడినెత్తి దాకా తడి షేవర్ తిప్పేదాన్ని. ఒక్క వెంట్రుక కూడా కింద పడనివ్వదని ముచ్చటపడి ఆ షేవర్ నేనే కొన్నాను. నున్నటి గుండు మీద ముద్దు పెడితే, "ఆఫీసువాళ్లకి తెలిసిపోతుందే!" అని నవ్వేవాడు. తలపులు చదివే ఆఫీసు టోపీ వెంట్రుకలుంటే పనిచేయదు. మా వీధిలో ఉద్యోగస్తులందరివీ గుండ్లే.

ఇంతలో మావయ్య పోయారు.

"పదోరోజున నాన్నకి ఏం ఇస్తావురా? నెత్తిన ఏముందని?" అని అత్తయ్య ఏడ్చింది. బావ షేవర్ ముట్టుకోలేదు. నేను రోజూ తల నిమిరేదాన్ని.

"వచ్చింది బావా, నువ్వుగింజంత!" అంటే అంత దుఃఖంలోనూ నవ్వాడు.

కర్మకి ముందురోజు మేనేజర్ ఫోన్ చేశాడు. "సెలవు అయిపోయింది. ఇవాళ టోపీ పెట్టకపోతే ఉద్యోగం ఉండదు."

"రేపు నాన్నగారి పదోరోజండీ. జుట్టు తీయించుకుని ఎల్లుండి వస్తాను."

"రేపు తీసేదే కదా, ఇవాళే తీసేయండి. తేడా ఏముంది?"

బావ పీట మీద కూర్చున్నాడు. "పళ్లెం పట్టవే. పడింది రేపు నాన్నకిద్దాం."

అలవాటు కొద్దీ అదే షేవర్‌తో గీయడం అయ్యాక పళ్లెంలో నురుగు నీళ్లే ఉన్నాయి. వెంట్రుకలన్నీ షేవర్ లోపలే నలిగి నీళ్లలో కలిసిపోయాయి. బావ నురుగులో వేళ్లు పెట్టి వెతుకుతూనే ఉన్నాడు. టోపీ పెట్టుకోమని నేనే చెప్పాల్సి వచ్చింది.