ముక్కు తెరుచుకున్న వేళ

వసంతం వస్తే టోక్యో అంతా పూలు చూస్తుంది. షుంసాకు తుమ్ముతాడు. దేవదారు పుప్పొడి వాడికి పడదు. ఏళ్ల తరబడి ముక్కు మూతే.

"ఎలర్జీతో లోపలి పొర వాచిపోతోంది. సైనస్ దారులు మూసుకుపోయి, చీమిడి లోపలే నిలిచిపోతోంది. తలనొప్పీ అందుకే, వాసన తెలియకపోవడమూ అందుకే," అంటూ డాక్టరమ్మ మందులు రాసింది.

"పెళ్లి కుదిరేదాకా ఒక్క మాత్ర కూడా మింగకు, నీకు దణ్ణం పెడతాను!" అంది వాడు పెళ్లాడాలనుకుంటున్న నగిసా.

నగిసా తండ్రి తొకుజొ నీజిమా దీవిలో కుసాయ చేస్తాడు. తాతల నాటి ఉప్పునీటిలో నానబెట్టి ఎండబెట్టిన చేప అది. కాల్చారంటే వీధి వీధంతా కిటికీలు మూసుకుంటుంది. కూతుర్ని చూడవచ్చిన ప్రతివాడికీ ఆయన అదే వడ్డించాడు. ప్రతివాణ్ణీ తిప్పి పంపాడు.

"ఎంత నవ్వుతూ తిన్నా లోపలి రోత నాన్న కనిపెట్టేస్తాడు. నీకైతే అసలు వాసనే తెలియదుగా!"

కానీ తలనొప్పి భరించలేక షుంసాకు దొంగచాటుగా మందులు వాడేశాడు.

దీవికి వెళ్లే ఓడలో ముక్కు తెరుచుకుంది. ఉప్పుగాలి వాసన! పక్కావిడ వలుస్తున్న నారింజ వాసన! షుంసాకు డెక్కు మీద గెంతులేశాడు. ఎవరిదో తడిసిన కుక్కను వాసన చూసి మురిసిపోయాడు.

"మందులేసుకున్నావా?" నగిసా మొహం పాలిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది వాడికి కుసాయ.

తొకుజొ కుసాయ కాల్చి, పళ్లెం వాడి ముందుకు తోశాడు.

"తినవయ్యా. మొహమాటపడకు."

మొదటి ముక్క ఊపిరి బిగబట్టి మింగాడు. రెండో ముక్కకు కళ్లమ్మట నీళ్లు కారాయి. మూడోదానికి ఊపిరి తీయక తప్పలేదు. అంతే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగు.

"ఎలా ఉందేమిటి వాసన?" వెనకే వచ్చాడు తొకుజొ.

ఇక దాచి లాభం లేదు.

"క్షమించండి. చచ్చిన ఎలుకను పాత బూటులో పెట్టి ఉడకబెట్టినట్టుంది!"

నగిసా రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. తొకుజొ భుజాలు అదిరాయి. కోపమేమో అనుకున్నాడు షుంసాకు. కాదు, నవ్వు. పెరడంతా దద్దరిల్లే నవ్వు. అది ఆగాక వాడి భుజం మీద చెయ్యేసి, కూతురికి వినపడకుండా గుసగుసలాడాడు.

"ముందొచ్చిన వెధవలంతా 'ఆహా' అంటూ తిన్నారు అల్లుడూ, చేపలు నానేసే తొట్టెలో ఉప్పునీళ్లు చెడితే పసిగట్టడానికి ఈ ఇంట్లో పనిచేసే ముక్కు ఒక్కటైనా ఉండాలి కదా, నాది మూతపడి ఇరవై ఏళ్లయింది!"