ఓబుళేశు సార్ నోట్స్

“చెప్పమ్మా, నెట్‌వర్క్ లేయర్‌లో డేటాను ఏమంటారు?”

కడప శివార్లలోని ఇంజినీరింగ్ కాలేజీలో, ల్యాబ్ పరీక్షలో ఓబుళేశు సార్ అడిగిన ప్రశ్న ఇది. ఎదురుగా నిలబడ్డ స్తుతికి జవాబు నాలుక చివర్నే ఉంది. ప్యాకెట్. కానీ నిరుడు ఇదే బల్ల ముందు నిలబడి ప్యాకెట్ అన్నందుకే ఆయన ఆమెను ఫెయిల్ చేశాడు.

అదేమంత బ్రహ్మవిద్య కూడా కాదు. మనం పంపే సమాచారం పొరపొరా కిందికి దిగుతుంది. ఒక్కో పొరలో దానికి ఒక్కో తొడుగు, ఒక్కో పేరు. ముందు సెగ్మెంట్, దాని కింద నెట్‌వర్క్ లేయర్‌లో ప్యాకెట్, ఆ కింద డేటా లింక్ లేయర్‌లో ఫ్రేమ్, అట్టడుగున బిట్లు. సార్ జిరాక్స్ నోట్స్‌లో ప్యాకెట్టూ ఫ్రేమూ తారుమారయ్యాయి. “పుస్తకంలో ఇట్లుండాది సార్” అని నిరుడు స్తుతి అంటే, “మార్కులు పుస్తకమేస్తాదా, నేనేస్తానా?” అన్నాడు ఆ మహానుభావుడు. అందుకే ఈసారి ఆమె పుస్తకం మూసేసి, ఆ నోట్స్‌నే తప్పులతో సహా బట్టీ పట్టింది.

మిగిలింది ఈ ఒక్క ల్యాబే. గట్టెక్కితే బెంగళూరులో ఉద్యోగం. తప్పితే అది ఇంకొకరి పాలు.

పక్కనే బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఉన్నాడు. ఈయనకైనా నిజం తెలుసేమోనని స్తుతి ఆశగా చూసింది. ఆయన కాలేజీవాళ్లు తెప్పించిన బిర్యానీలో ఎముక చీకుతూ, ఆ జిడ్డు వేళ్లతోనే మార్కుల కాగితం పక్కకు జరిపాడు. ఛీ, వీళ్ల ముందా నిజం చెప్పేది!

“ఏమ్మా, నిలబడే నిద్రపోతాండావా?”

“ఫ్రేమ్ సార్.”

“డేటా లింక్ లేయర్‌లో?”

“ప్యాకెట్ సార్.”

తప్పని తెలిసీ తప్పే అప్పజెప్పింది. తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. థూ, ఇదీ ఒక చదువేనా!

ఓబుళేశు సార్ ఎగ్జామినర్ వైపు తిరిగాడు.

“చూసినారా సార్, రెండూ తప్పే” అంటూ సున్నా చుట్టాడు.

స్తుతి బల్ల మీదికి వంగింది.

“మీ నోట్స్‌లో అట్లే ఉండాది గదా సార్!”

“అది పాత నోట్సమ్మా. నిరుడు నువ్వు చెప్పినాకనే గదా నేను దిద్దుకునింది!”