పొట్టి ఇంజను

“ఆ పెద్దది వద్దు, ఈ పొట్టి ఇంజనే తీసుకుందాం,” అన్నాడు భర్త.

భార్య ఒప్పుకోలేదు. మేడమీది గదిలో ఇద్దరూ కలిసి పరిచిన బొమ్మరైలు పట్టాలకు కరెంటు ఇంజను కొనడానికి బొమ్మల దుకాణానికి వచ్చారు. పట్టాల పైన సన్నని తీగలు లాగి లాగి ఆమె వేళ్ళు ఇంకా మండుతూనే ఉన్నాయి.

“మన మలుపు విశాలంగానే ఉందిగా! పెద్దదైతే దర్జాగా తిరుగుతుంది.”

దుకాణదారు నవ్వాడు. “సార్ చెప్పిన కొలతలకి తిరగదమ్మా. ఒంటి మంచం వేశాక ఆ గదిలో మిగిలేదే కాస్త చోటు. పెద్దది మలుపులోనే బోల్తా కొడుతుంది.”

“ఏ గది?”

దుకాణదారు నాలుక కరుచుకున్నాడు. భర్త ఇంజను చక్రాలను వేలితో తిప్పాడు.

“ఆఫీసు దగ్గర అద్దెకి తీసుకున్నాను,” అన్నాడు. “ఇక ఒక్కణ్ణే ఉందామని.”

“నాకెప్పుడు చెబుదామనుకున్నారు?”

“బట్టలూ పట్టాలూ సర్దుకునేటప్పుడు.”

ఏ రంగు బాగుంటుందని పొద్దుట్నుంచి తననే అడుగుతుంటే ఆమె ఎంత పొంగిపోయింది!

“మరి నన్నెందుకు తీసుకొచ్చారు?”

“నీ ఎంపిక బాగుంటుంది కదా.”

ఆమె అద్దాల బల్ల మీద వరసగా పెట్టిన పొట్టి ఇంజన్లను ఒక్కొక్కటీ చూసింది. ఆకుపచ్చదాన్ని తీసి దుకాణదారు ముందు పెట్టింది.

“ఇది బాగుంది. ఆయనకి కట్టివ్వండి,” అంది. “పట్టాలు మాత్రం మా ఇంట్లోంచి కదలవు.”