ఏమండీ, వింటున్నారా?

"మీ అప్‌డేట్ మా ఆవిడ గొంతు నొక్కేసిందయ్యా!"

తలుపు తీస్తూనే పెద్దాయన విరుచుకుపడ్డాడు. కంప్యూటర్ మెకానిక్ భుజాన ఉన్న సంచి ఇంకా కింద కూడా పెట్టలేదు.

"నాది కాదు సార్, దానంతటదే అవుతుంది. నేను రిపేరుకొచ్చినవాణ్ణి."

"ఎవరిదైతే నాకేం? నన్నడక్కుండా నా ప్లేయర్ని మార్చెయ్యమని ఎవరు చెప్పారట? ముందు లోపలికి రా."

గదిలో బీరువాల్లాంటి స్పీకర్లు రెండు, వాటికి సరిగ్గా ఎదురుగా ఒక వాలుకుర్చీ. ఇంకో కుర్చీ ఉంది గానీ దాని నిండా వైర్ల చుట్టలే. మెకానిక్ వాటిని కిందికి దించి కూర్చున్నాడు.

పెద్దాయన ఒక పాట మీద నొక్కాడు. తెర మధ్యలో బూడిదరంగు డబ్బా ఒకటి లేచింది. 'ఈ ఫైలును ప్లే చేయడం సాధ్యం కాదు.' ఇంకో పాట నొక్కాడు. మళ్ళీ అదే డబ్బా.

"చూశావా? మొన్న పొద్దున లేచేసరికి ప్లేయర్ రంగు మారిపోయింది. బటన్లన్నీ చోటు మారాయి. పోనీలే అనుకున్నా. మర్నాటి నుంచి ఇదీ వరస. ఒక్కటీ పలకదు."

"ఎవరు పాడినవి సార్?"

"మా ఆవిడ. ఇంట్లో తనపాటికి తను పాడుకుంటుంటే నేనే రికార్డు చేశాను. ఆ గొంతు మళ్ళీ రమ్మంటే వస్తుందా? నాకు మిగిలిందల్లా ఇదే."

మెకానిక్ మనసు మెత్తబడింది. వెంటనే పనిలో పడ్డాడు. కొత్త అప్‌డేట్ తీసేసి పాత ప్లేయరే ఎక్కించాడు. బూడిదరంగు డబ్బా పోలేదు. సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాడు. పోలేదు. పెద్దాయన ఆపరేషన్ గది బయట నిలబడ్డవాడిలా వెనకాలే పచార్లు చేస్తున్నాడు.

"పూర్తిగా పోలేదు కదా? చెప్పవయ్యా, పోలేదు కదా?"

"కాస్త ఓపిక పట్టండి సార్."

ఇంతలో ఒక పెద్దావిడ రెండు కప్పుల కాఫీ తెచ్చింది. మెడ చుట్టూ పల్చటి శాలువా కప్పుకుని ఉంది. కప్పులు బల్ల మీద పెట్టి, పెద్దాయన వైపు చూసి, వేలితో బల్ల మీద తట్టింది. ఆయన తల తిప్పలేదు. ఇంకోసారి తట్టింది.

"అక్కడ పెట్టి వెళ్ళు. పనిలో ఉన్నాం, కనబడట్లా?"

ఆమె వెళ్ళిపోయింది. ఆయన చెల్లెలో, వదినో అయి ఉంటుందనుకున్నాడు మెకానిక్.

అతనికి ఒక అనుమానం వచ్చింది. తన పెన్‌డ్రైవ్‌లోంచి ఒక పాట పెట్టి చూశాడు. స్పీకర్లు అదిరిపోయాయి. అంటే ప్లేయర్‌కి ఏ రోగమూ లేదు. ఆవిడ పాటలున్న ఫోల్డరు తెరిచి, ఫైళ్ళ పేర్ల చివర మామూలుగా కనబడకుండా ఉండే అక్షరాలు కూడా కనబడేలా చేశాడు. విషయం అర్థమైంది. అది పాట అని చెప్పే అక్షరాలు తీసేసి, ప్రతిదానికీ ఉత్తరాలకు పెట్టే అక్షరాలు తగిలించారెవరో. పాటను తెచ్చి ఉత్తరమంటే ప్లేయర్ మాత్రం ఏం పాడుతుంది?

"సార్, ఇది అప్‌డేట్ చేసింది కాదు. ఎవరో పనిగట్టుకుని పేర్లు మార్చారు."

"ఎవరు మారుస్తారు? ఈ గదిలో నేను తప్ప ఇంకో మనిషే లేడు."

గుమ్మం దగ్గర పరదా కదిలింది. మెకానిక్ అటు చూశాడు. పరదా పక్కన పెద్దావిడ నిలబడి ఉంది. చూపులు కలవగానే తల దించుకుంది. మెకానిక్ నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"అయితే అప్‌డేటే అయ్యుంటుంది సార్. ఒక్కోసారి ఇలాంటి పిచ్చిపనులు చేస్తుంటుంది."

పేర్లు సరిచేసి ఒక పాట నొక్కాడు.

గది నిండిపోయింది. ఎక్కడా బిగువు లేని, పనిపాటల మధ్య హాయిగా పాడుకునే గొంతు. పెద్దాయన వాలుకుర్చీలో కూలబడి కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీదికి నీళ్ళు జారాయి. పాట మధ్యలో ఆగి, ఆ గొంతు నవ్వుతూ అడిగింది.

"ఏమండీ, వింటున్నారా?"

"వింటున్నానే, వింటున్నా. ఆపకు, పాడు," అన్నాడు పెద్దాయన.

గుమ్మంలోని ఆవిడ చల్లారిపోతున్న కాఫీ వైపు చూపిస్తూ తలుపు మీద తట్టింది. ఆయన కళ్ళు తెరవకుండానే అరచెయ్యి పైకెత్తి ఆపమన్నాడు.

మెకానిక్ సంచి సర్దుకుని బయటికి నడిచాడు. గేటు తీయడానికి ఆవిడ వెంట వచ్చింది. అతను గొంతు తగ్గించాడు.

"పేర్లు మార్చింది మీరే కదమ్మా?"

అవునన్నట్టు తలాడించింది.

"పూర్తిగా చెరిపేస్తే నేను కూడా తేలేకపోయేవాణ్ణి. చెరపడానికి చెయ్యి రాలేదా?"

రాలేదన్నట్టు ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఏమైనా మీరు చేసింది తప్పమ్మా. పోయినావిడ గొంతు వింటూ బతుకుతున్నాడు పెద్దాయన. ఆ కాస్త ఆసరా కూడా లాగేస్తే ఎలా చెప్పండి?"

లోపల్నించి "ఆహా!" అన్న పెద్దాయన మాట వినబడింది. ఆవిడ శాలువా కాస్త తప్పించి, మెడకి ఆపరేషన్ చేసిన చోటున్న రంధ్రాన్ని వేలితో నొక్కిపట్టింది. పెదవులు కదిలాయి. గాలి తప్ప ఏమీ వినబడక మెకానిక్ వంగి చెవి ఒగ్గాడు.

"పోయింది గొంతొక్కటే బాబూ. ఆయన భార్యని, నేనింకా ఇక్కడే ఉన్నాను."