మోతి సోపతి

మోతి మొరగలేదు.

మైసయ్య చాయ్ గ్లాసుతో గేటు దాకా వచ్చి మరీ చూశాడు. రోడ్డుకు అవతల, మురుగునీటి మోరీ గట్టు మీద ఎవరో మనిషి కూర్చుని ఉన్నాడు. మోతి అతని వైపే చూస్తోంది. అయినా మొరగలేదు.

శ్రీరాంపూర్ కాలనీలో ఇది వింతే. పాలవాడు కనబడినా, చర్చికి పోయే అమ్మలక్కలు కనబడినా మోతి గొలుసు తెంపుకునేటట్టు ఎగిరేది. దాన్ని ఆపగలిగేది మైసయ్య ఒక్కడే. గని నుంచి రిటైరయ్యాక ఆయనకు మిగిలిన పెద్దరికం అదొక్కటే.

"నా మాట తప్ప దేవుని మాట గూడ ఇనదు" అని మురిసిపోయేవాడు.

మాట అంటే కట్టె. ముందు నాలుగు తగిలించడం, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించడం. ఆయన చెప్పే చదువంతా అంతే.

ఆ చదువు ఈమధ్యే బెడిసికొట్టింది. ఆయన మంచిర్యాల పోయిన పూట మోతి గొలుసు తెంపుకుని, గల్లీ మలుపులో ఎవరో బయటి మనిషిని కరిచింది. తిరిగొచ్చి మైసయ్య కట్టె విరిగేదాకా కొట్టాడు.

కాలనీ పెద్ద హనుమండ్లు వచ్చి ఒకటే మాట చెప్పిపోయాడు.

"మైసన్నా, ఇంకొక్కపారి ఎవలి మీదికన్న దుంకిందా, కుక్కల బండి పిలిపిస్త. కుక్కను పంపిచ్చుడే."

మోతి లేని ఇంటిని మైసయ్య ఊహించుకోలేకపోయాడు. ఆ రోజు నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు.

ఇప్పుడేమో ఈ కొత్తవాడు.

రోజూ పొద్దున్నే కాలీడ్చుకుంటూ వస్తాడు. ఎటో చూస్తూ జేబులోంచి బిస్కెట్ ముక్క తీసి మోతి వైపు విసురుతాడు. విసిరే చెయ్యి వణుకుతుంటుంది. మోతి మొరిగితే వెనక్కి పోతాడు. ఊరుకుంటే ఇంకో ముక్క వేస్తాడు.

"తాగుబోతోడు. పొద్దుగాలనే ఏసుకున్నడు, చూడు ఎట్ల వణుకుతుండో!" అన్నాడు మైసయ్య.

"ఎవలైతేంది? కుక్క సల్లవడ్డది గద" అంది భార్య సంతోషమ్మ.

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది.

మర్నాడు మైసయ్య అరకిలో మటన్ తెచ్చాడు. మెత్తగా ఉడికించి, ఊదుకుంటూ మోతి నోటి దగ్గర పెట్టాడు.

"తిను బిడ్డా."

మోతి ఒకసారి వాసన చూసి, మళ్ళీ రోడ్డు వైపు తల తిప్పింది.

మైసయ్యకు ఒళ్ళు మండిపోయింది. కన్నబిడ్డలాగా సాకింది తను, ఎదురుచూపులు వాడికా? తన మటన్ ముక్క పరాయివాడి బిస్కెట్ ముక్కకు సాటిరాలేదా?

సంతోషమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కుక్క కోసం గింత కుళ్ళేందయ్యా? సవతి పోరు లెక్క జేస్తున్నవ్!"

కొత్తవాడు మోరీ గట్టు మీంచి రోడ్డు మధ్యకు, రోడ్డు మధ్య నుంచి గేటు దగ్గరకు జరిగాడు. ఒక పొద్దున మైసయ్య బయటకు వచ్చేసరికి మోతి గేటు సందులోంచి అతని అరచెయ్యి నాకుతోంది.

మైసయ్య కట్టె అందుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు? నా కుక్కను ఎత్కపోను చూస్తున్నవా?"

"లేదు పెద్దాయినా. జర భయం పోవాల్నని..."

"ఎవల భయం?"

"ఇద్దరిది."

"తాగి నా తాన మాటలు జెప్పకు. మళ్ళ గీ గల్లీల కనవడ్డవంటే కాళ్ళిరగ్గొడ్త!"

అతను తన కాలి వైపు చూసుకుని చిన్నగా నవ్వాడు. మిగిలిన బిస్కెట్లు గోడ మీద పెట్టాడు.

"దాన్ని కొట్టకుండ్రి పెద్దాయినా" అని, కాలీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు. మోతి మాత్రం పొద్దున లేస్తే రోడ్డు వైపు తిరిగి పడుకునేది. పోనీలే, మరిచిపోతుంది అనుకున్నాడు మైసయ్య. గెలిచానన్న సంబరంలో ఉన్నాడు.

ఆదివారం హనుమండ్లు మనుమరాలు కావ్య ఎగిరిపడ్డ బంతి కోసం గేటు తోసుకుని లోపలికి ఉరికింది. వెనకే హనుమండ్లు కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

మోతి లేచి బిగుసుకుపోయింది.

మోతి కావ్యను చూసింది. ఎవరూ లేని మోరీ గట్టును చూసింది. మెల్లగా కూర్చుని, బిస్కెట్ కోసం మైసయ్య చేతుల వైపు చూసింది.

"శబాష్ మైసన్నా! బాగ నేర్పినవ్. ఇగ బండి ముచ్చటే లేదు" అన్నాడు హనుమండ్లు, పిల్లను ఎత్తుకుంటూ.

మైసయ్య చెయ్యి మీసం మీదికి పోబోయి ఆగింది.

"నేను గాదే. గా తాగుబోతోడు నేర్పిండు."

"ఎవలు, తిమోతా? చుక్క ముట్టడు. మన చర్చి కాడి హెప్సిబా సిస్టర్ తమ్ముడు. నిన్న దుబాయ్ పోయిండు, ఇగ రెండేండ్లదాక రాడు."

మైసయ్య గోడ మీది బిస్కెట్ల వైపు చూశాడు. చీమలు పట్టి ఉన్నాయి.

"నేను బండి పిలుస్తుంటే ఆపింది గాయినే. తన సంగతి నీకు చెప్పొద్దన్నడు. చెప్తే నువ్వు మోతిని మళ్ళ కొడ్తవట."

"నా కుక్కతోని గాయినకేం పని?"

హనుమండ్లు పిల్లను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"కరిచిన కుక్కకు పిచ్చి ఉన్నదో లేదో పది దినాలు కనిపెట్టుమన్నడట డాక్టరు, గందుకే వచ్చుడు షురూ జేసిండు మైసన్నా... గాయిన ఈడ్చుకుంట నడిచిన కాలు మన మోతి కరిచిందే."