అరువు చక్రాలు

"నా బండి చక్రాలు విప్పు," అన్నాడు ముసల్లం, పికప్ దిగకముందే.

ఖల్ఫాన్ పందిరి నీడలో మేకలకు గడ్డి వేస్తున్నాడు. తల కూడా తిప్పలేదు.

"సలాం లేదు, కలాం లేదు. వస్తూనే విప్పమంటే ఎలా?"

"విప్పి, నీ పాత పికప్‌వి బిగించు. అదే, బండి అమ్మేసి చక్రాలు మాత్రం ఖర్జూరపు మట్టల కింద దాచుకున్నావే, ఆ వెడల్పువి."

ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలే. ఇన్నాళ్ళూ మాటలు మాత్రం లేవు.

"అవి నీ బండికి ఎక్కవు," అన్నాడు ఖల్ఫాన్. "బోల్టు కన్నాలు కలవవు."

"ఆకురాయితో పెద్దవి చెయ్యి."

"రిమ్ములు కోసి, పట్టీ అతికి వెడల్పు చేశాను. నీ దానికి మడ్‌గార్డు రాసుకుంటుంది. ఏ ఇసుకదిబ్బ మీదో చక్రం ఊడితే మీ ఆవిడ నన్ను తిట్టిపోస్తుంది."

"మా ఆవిడ ఎలాగూ తిడుతూనే ఉంటుంది. కానివ్వు."

ఖల్ఫాన్ గడ్డి మోపు కింద పడేసి వచ్చాడు. పికప్ చుట్టూ ఒకసారి తిరిగాడు. ముసల్లం ముఖంలోకి చూసి పళ్ళు బయటపెట్టాడు.

"ఓహో! పొద్దున ఉబైద్ ఒంటెను గుద్దిన మొనగాడివి నువ్వేనన్నమాట."

ముసల్లం బండి దిగి తలుపు ధడాలున వేశాడు.

తెల్లవారాక పొగమంచులో ఎవరి బండో ఉబైద్ పందెపు ఒంటెను గుద్ది, ఆగకుండా పోయింది. ఒంటె కాలు విరిగింది. ఇవాళ సాయంత్రపు అసర్ నమాజు కాగానే ఉబైద్ జాడలు చదివే బఖీత్‌ను తీసుకొస్తున్నాడు. బంపరు సొట్టలు అక్కడ అందరి బండ్లకూ ఉన్నాయి. కానీ ఇసుకలో చక్రం జాడ ఎవరిది వాళ్ళదే.

"వెళ్ళి ఒప్పుకో," అన్నాడు ఖల్ఫాన్. "మంచులో ఎవరికైనా జరుగుతుంది. కాఫీ పోసి వదిలేస్తాడు."

"గుద్దినందుకు వదిలేస్తాడు. పారిపోయినందుకు వదలడు. గురువారం వాళ్ళమ్మాయికీ మా వాడికీ నిఖా. పారిపోయినవాడి కొడుక్కి పిల్లనిస్తాడా?"

"ఇవ్వకపోతే ఆ పిల్ల అదృష్టవంతురాలు."

ముసల్లం అతని గల్లా పట్టుకున్నాడు. ఖల్ఫాన్ ఆ చేతిని విదిలించి కొట్టాడు. "పో ఇక్కణ్ణించి. ఆ చక్రాలు ఇవ్వను. నీకే కాదు, ఎవడికీ ఇవ్వను."

సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి కాఫీ కూజా, ఖర్జూరాల పళ్ళెం వచ్చాయి. వాకిట్లోకి వచ్చినవాడు పగవాడైనా లోపలి ఆడవాళ్ళు కాఫీ పంపకుండా ఉండరు. ఖల్ఫాన్ విసురుగా కప్పు నింపి అందించాడు. ముసల్లం చాప మీద కూర్చుని, కప్పు అందుకుని, తాగకుండా నేల మీద పెట్టాడు.

ఖల్ఫాన్ ముఖం మాడిపోయింది. అడిగింది ఇస్తానని మాట వచ్చేదాకా అతిథి ఆ కప్పు ముట్టడు. ముట్టకుండానే లేచిపోతే, ఆ ఇంటివాడు మళ్ళీ నలుగురిలో తలెత్తుకోలేడు.

"తాగు," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"చక్రాలు."

"నా ఇంటి కాఫీనే నా పీక మీద కత్తిలా పెట్టావు కదరా."

"చల్లారిపోతోంది."

ఖల్ఫాన్ వాకిలి వైపు చూశాడు. పరదా వెనక ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"తాగి చావు. ఇస్తాను."

ముసల్లం ఒక్క గుక్కలో తాగి లేచాడు.

జాకీ ఎక్కించారు. ఖల్ఫాన్ కన్నాలు అరగదీస్తుంటే ముసల్లం మడ్‌గార్డు అంచులు రేకు కత్తెరతో కోశాడు. నట్టు సరిగ్గా కూర్చోలేదు. మందపాటి వాషర్లు వేసి, స్పానర్ మీద కాలు పెట్టి తొక్కి బిగించారు. సాయం పట్టినంతసేపూ ఇద్దరూ ఒకరి నాన్నను ఒకరు తిట్టుకుంటూనే ఉన్నారు. విప్పిన చక్రాలను మేకల దొడ్డి వెనక గుంట తీసి పూడ్చారు.

"నెమ్మదిగా నడుపు. సగం నట్లే పట్టాయి," అన్నాడు ఖల్ఫాన్. "ఇవి నావని ఎక్కడైనా నోరు జారావో..."

"నీ పేరు చెబితే నా బండారం బయటపడదూ? నోరెలా ఎత్తుతాను?"

ఖల్ఫాన్ చేతుల జిడ్డు ఇసుకతో రుద్దుకుంటూ ఉండిపోయాడు.

అసర్ తరువాత మసీదు ముందు మైదానంలో అందరి బండ్లూ వరుసకట్టాయి. ఒక్కొక్కటీ కొంచెం ముందుకు పోవాలి. ముసలి బఖీత్ చెప్పులు లేని కాళ్ళతో ఆ జాడ వెంట నడిచి, చేయి ఊపి పంపేస్తున్నాడు. ఉబైద్ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఎవరి సలామునూ అందుకోవడం లేదు.

ముసల్లం వంతు వచ్చింది. చక్రాలు మడ్‌గార్డుకు రాసుకుని కీచుమన్నాయి. ఎవరో నవ్వారు.

"ఏం ముసల్లం, పెళ్ళికి బండిక్కూడా కొత్త జోళ్ళు కొన్నావా?"

"నీకేం నొప్పి?" అన్నాడు ముసల్లం.

బఖీత్ జాడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎంతకీ లేవలేదు. ఉబైద్ విసవిసా దగ్గరికొచ్చాడు.

"పెద్దాయనా, నా ఒంటెను గుద్దింది ఇదేనా?"

"కాదు."

ముసల్లం గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. ఉబైద్ ముఖం మొదటిసారి మెత్తబడింది. ముసల్లం దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నిన్ను కూడా వరుసలో నిలబెట్టాను. ఏమీ అనుకోకు వియ్యంకుడా."

బఖీత్ ఇంకా ఆ జాడ అంచును వేలితో తడుముతూనే ఉన్నాడు.

"చేతులు వదులు ఉబైద్," అన్నాడు. "పోయినేడు నీ ఒంటె పిల్లను ఎవడో ఎత్తుకుపోతే, రాతిలోయ దాకా తరిమి మనం పోగొట్టుకున్న దొంగబండి జాడ ఇది."